ఎర్ర స్థూపం మీద నా అబద్ధం

మాచర్ల దాటి కొండల్లోకి పోతే, బస్సు వెనక్కి తిరిగే చోట ఆ ఊరు. ఒకప్పుడు తుపాకులు పట్టి అడవిలోకి వెళ్ళినవాళ్ళ ఊరు. చనిపోయినవాళ్ళ పేర్లతో ఊరి ముందు ఎర్ర స్థూపం ఉంది. వాళ్ళ సంస్మరణ సభలో మాట్లాడమంటే వెళ్ళాను. దిగేసరికి స్థూపం ముందు సభ బదులు పంచాయితీ నడుస్తోంది.

ఆ రోజుల్లో వాళ్ళు అడవి నుంచి వచ్చి అక్కడే తగాదాలు తీర్చేవారు. వాళ్ళ ముందు అబద్ధమాడాలంటే జనానికి భయం. మనుషులు పోయారు, భయం రాయికి అంటుకుంది. ఇప్పుడు స్థూపం పట్టుకుని అబద్ధమాడితే పొద్దు గుంకేలోపు వాంతి అవుతుందని నమ్మకం. దేవుడు లేడన్నవాళ్ళ పేర్లకు పసుపు పూశారు!

పోయిన నెల ఒక కాపరి గొర్రెలు వరసగా చచ్చాయి. పక్కింటి ఒంటరి ఆడమనిషి చేతబడి చేసిందన్నాడు. ఆమె ప్రమాణం చేయాలి. చేయనన్నా, చేశాక వాంతి అయినా ఊరొదలాలి. ఆమె జ్వరంతో వణుకుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"పొద్దుట్నించి మంచినీళ్ళు కూడా నిలవట్లా సారూ," అంది నాతో. "పట్టుకున్నా పోతా, పట్టుకోకున్నా పోతా."

జ్వరానికి ఆస్పత్రి కావాలి, ప్రమాణం కాదని అరిచాను.

"నీ ఉపన్యాసం సాయంత్రం సారూ, ఇప్పుడు కాదు," అన్నాడు కాపరి. జనం నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. రెండు చేతులూ స్థూపం మీద పెట్టాను. "ఆ గొర్రెలకు చేతబడి చేసింది నేను! ఇది అబద్ధమైతే నాకు వాంతి కావాలి. కాకపోతే ఆమెను వదిలేయాలి." పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని సరేనన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, కొండదారిలో బస్సు కుదుపులకు నా కడుపు ఇంకా తిప్పుతూనే ఉందని. ఎవరో టీ ఇచ్చారు. వాసనకే గొంతులోకి పులుపు ఎగదన్నింది. గ్లాసు పక్కన పెట్టేశాను. నేను దగ్గినప్పుడల్లా ఊరంతా ముందుకు వంగింది. ఆమె నా వైపు చూడటం మానేసి కొండ మీది పొద్దును చూస్తోంది.

పొద్దు గుంకింది. నాకేమీ కాలేదు.

కాపరి కర్ర పట్టుకుని లేచాడు. "అయితే నా గొర్రెల్ని చంపింది నువ్వేనన్నమాట!"

నా వాదంలోని ఈ లొసుగు నాకు తట్టనే లేదు. కర్ర పైకి లేచింది.

"ఏందయ్యా నీ గోల?" అంటూ అడ్డం వచ్చింది అతని పెళ్ళాం. "ఆ సారు ఈ ఊరి మొహం చూసిందే ఇయ్యాల. రాయి అబద్ధమన్నా చెప్పుండాలి, నీకు తెలివన్నా లేకుండా ఉండాలి. ఏదో ఒకటి ఒప్పుకో!"

ఎవరో కిసుక్కుమన్నారు. కర్ర కిందికి దిగింది.

ఆ నవ్వుల మధ్య మెట్టు మీది ఆమె ఇక ఆపుకోలేకపోయింది. స్థూపం పక్కనే భళ్ళున వాంతి చేసుకుంది. అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

కాపరి పెళ్ళాం ఇంటికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది.