హాల్లో వరిమడి

ఒకరోజు పొద్దున నా కుడిచేతి బొటనవేలు వంగింది, మళ్ళీ లేవలేదు. అప్పటికి చేతిలో కత్తెర ఉంది. ఎడమచేత్తో లాగితే టక్కుమని లేచింది. మళ్ళీ కత్తెర పట్టుకున్నాను, మళ్ళీ వంగి కూర్చుంది. ఇట్లా గంటసేపు నేనూ నా వేలూ పంతానికి పోయాం. వేలే గెలిచింది.

డాక్టరు చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. కాగితాలు కోస్తానన్నాను. ఆఫీసులోనా అన్నాడు. కాదు, మిద్దె మీద అన్నాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, మూడు నెలలు కత్తెర ముట్టవద్దన్నాడు. ముడితే ఆపరేషనేనట. ఆ తర్వాత కూడా సన్నపని తిరిగి వస్తుందని తాను మాట ఇవ్వలేనన్నాడు. నేను బుద్ధిగా తల ఊపి, ఇంటికొచ్చి కత్తెర పట్టుకున్నాను. వేలు వంగింది.

నా పని ఏమిటో చెప్పాలి. కన్నడం, తెలుగు కలిసి వినబడే మా టౌన్లో, గాంధీనగర్ పేటలో మా ఇంటి మిద్దె మీద ఒక గది ఉంది. నేను దాన్ని స్టూడియో అంటాను, చుట్టాలు చెత్తకాగితాల రూము అంటారు. ఎవరి మాట నిజమన్నది చూసేవాళ్ళను బట్టి ఉంటుంది. ప్రింటింగ్ ప్రెస్సుల్లో పారేసే షీట్లు తెచ్చుకుంటాను. పెళ్ళి పత్రికలు, టెండరు నోటీసులు, బియ్యం సంచుల లేబుళ్ళు. కన్నడం మీద తెలుగు పడి ఉంటుంది, రంగు పక్కకు జరిగి పెళ్ళికొడుకు పేరు రెండుసార్లు కనబడుతుంది. లినోలియం ముక్క మీద నా బొమ్మ చెక్కి, రోలరుతో సిరా పూసి, ఆ షీట్ల మీద నా అచ్చు వేస్తాను. ఆరిన తర్వాత కోసి, మడిచి, మైదా జిగురుతో తీగకు అంటించి నిలబెడతాను. గనుల లారీలు తిరిగే రోజుల్లో కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కాలి, లేకపోతే తెల్ల కాగితం సాయంత్రానికి ఎర్రబడుతుంది. కొన్నిసార్లు ఎర్రబడితేనే బాగుంటుంది. అప్పుడు గుడ్డ తీసేస్తాను.

ఈ పనిలో అసలైనదాన్ని నేను కోత అంటాను. కత్తిరింపు అంటే దర్జీ పనిలా వినబడుతుంది. మా చుట్టాలకు కోత అంటే రెండే అర్థాలు. ఒకటి వరికోత, రెండోది గొప్పలు చెప్పుకోవడం. రెండోదాంట్లో నేను బాగా రాణించానని వాళ్ళ నమ్మకం.

అచ్చు వేయడానికి, తీగలు వంచడానికి ఎప్పుడైనా ఎవరినైనా సాయం పిలిచాను గానీ, ఇరవై ఏళ్ళలో కోత మాత్రం ఇంకొకరిని ముట్టనివ్వలేదు. పొగరే, కాదనను. నా కాగితం మీద పడే ప్రతి గాటూ నాదే అయి ఉండాలి. అది పోతే నాకు ఇంక మిగిలేదేమిటని డాక్టరు మాట విన్నాక వారం రోజులు ఆలోచించాను. మైదా ఉడకబెట్టడం ఒక్కటే తట్టింది. భయమేసింది.

పైగా ఒప్పుకున్న పని మధ్యలో ఉంది. ఒక వ్యవసాయ శిక్షణ కేంద్రం వాళ్ళు కొత్త హాలు కట్టి, దాని నడుమ కాగితపు వరిమడి నిలబెట్టమని అడిగారు. పండి కోతకొచ్చిన మడి, నడుమెత్తున, చుట్టూ జనం తిరిగి చూసేటట్టు. సగం అయింది. ప్రారంభోత్సవానికి ఇరవై రోజులుంది. పూర్తి చేయలేనని చెప్పేయడమో, కోత ఇంకొకరి చేతిలో పెట్టడమో తేల్చుకోవాలి. సిరిగేరిలో పెళ్ళిపందిళ్ళకు రంగుకాగితాలు కోసే కుటుంబం ఒకటి ఉండేదని గుర్తొచ్చి, ఆ ఊళ్ళోనే ఉండే మా చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయన మా నాన్న తమ్ముడు. మాగాణి ఉంది, లారీలున్నాయి, నా గురించి దిగులుంది.

"చిన్నాయనా, నా చెయ్యి పనికిరాకుండా పోయినాది. కోతకు మనుషులు కావాల. చెయ్యి తిరిగినోళ్ళు."

"ఏం కోత?"

"వరి. మడి సగం అయినాది, సగం అట్లనే ఉండాది."



"నువ్వు మడి చేస్తాండావా? యాడ?"

"హాల్లో."

"ఓహో. నీళ్ళుండాయా?"

"నీళ్ళెందుకు చిన్నాయనా? నీళ్ళు తగిల్తే అంతా పాడైపోతాది."

"అవునప్పా, కోత టయానికి నీళ్ళు తీసేయాల. ఆ మాత్రం తెలిసినాదే నీకు!" అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "మిషన్ పంపిద్దునా?"

"మిషన్ వద్దే వద్దు. చేత్తోనే కోయాల. మిషన్‌తో కోస్తే దాంట్లో ప్రాణముండదు."

"నలుగుర్ని పంపిస్తా. రేపే పంపిస్తా. నువ్వు బేజారు పడొద్దు."

ఫోన్ పెట్టేసి, నా వేలి నొప్పికి చిన్నాయన ఇంత కదిలిపోయాడా అని నేనూ కాస్త కదిలిపోయాను. ఆయన విన్నది వేరే. కన్నడంలో హళ్ళ అంటే వాగు. మా వైపు తెలుగు ఇళ్ళలో కూడా వాగు అనే మాట వినబడదు, హళ్ళ అనే అంటాం. నేను హాల్లో అన్నాను, ఆయన హళ్ళలో అని విన్నాడు. వాగు పక్కన భూమి గుత్తకు తీసుకుని, నోరు మూసుకుని వరి పెట్టి, పండించి, చెయ్యి విరగ్గొట్టుకున్న కొడుకు ఒకడు ఆయన కళ్ళముందు నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి జీపు వచ్చి నలుగురు ఆడవాళ్ళను గేటు దగ్గర దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది. నలుగురి చేతుల్లో సద్ది క్యారియర్లు, పాతచీర గుడ్డలో చుట్టిన పనిముట్లు. సొంత కత్తెరలు తెచ్చుకున్నారంటే పనివాళ్ళే అని గౌరవం కలిగింది. గుంపుకు పెద్దామె అరవై దాటిన మనిషి. గేటు, మెట్లు, ఎదురింటి స్కూటరు అన్నీ వరసగా చూసింది.

"మడి యాడప్పా?"

"పైన."

"పైనా?"

"మిద్దె మీద. రండి."

ఆమె మిగతా ముగ్గురి వైపు చూసింది. టౌన్లో ఏమైనా ఉండొచ్చన్నట్టు చీర బిగించి మెట్లెక్కింది. గదిలోకి వచ్చాక గుడ్డ విప్పింది. కత్తెర కాదు, కొడవలి. మిగతా మూడు గుడ్డల్లోనూ కొడవళ్ళే. ఇంత చిన్న గదిలో నాలుగు కొడవళ్ళు, నేను, సగం కోసిన టెండరు నోటీసులు.

"ఏందప్పా ఇది?"

"వరి."

"ఇది వరా?"

చిన్నామె ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతా ఇద్దరూ నవ్వారు. పెద్దామె నవ్వలేదు. కింద కూర్చుంది.

"మిషన్లొచ్చినప్పట్నుంచి చేత్తో కోయండని పిలిసినోడు ఒక్కడు లేడు. మిషన్ వద్దన్నాడంట, ఎవురబ్బా ఈ పుణ్యాత్ముడు అనుకున్యాం. నిన్న పోయి కొడవండ్లకు కక్కు పెట్టించుకోనొచ్చినాం."

కక్కు పెట్టించడమంటే కొడవలి అంచుకు పళ్ళు తీయించడం. పళ్ళు తళతళలాడుతున్నాయి. నాకు సిగ్గుతో మొహం ఎత్తబుద్ధి కాలేదు. క్షమించమని అడగాల్సిందిపోయి, ఫోన్ తీసి చిన్నాయన మీద అరిచాను.

"నువ్వే కదరా చెప్పింది, హళ్ళలో అని!"

"హాల్లో అన్నా!"

"అదే కదా నేనూ అంటాండేది!"

కొంతసేపు ఇద్దరం ఆ ఒక్క మాటనే ఒకరి మీదికి ఒకరం విసురుకున్నాం. చివరికి ఆయనకు అర్థమైంది.

"అయితే మడి లేదా?"

"కాగితం మడి ఉండాది."

"మీ చిన్నమ్మకు కూడా చెప్పేసినానే," అని ఫోన్ పెట్టేశాడు.

జీపు సాయంత్రం దాకా రాదు. టీ పెట్టి ఇచ్చాను. పెద్దామె గ్లాసు పట్టుకుని నా వరి చుట్టూ తిరిగింది. రెండు నెలల పని అది. ప్రతి ఆకుకూ నడుమ ఈనె వచ్చేట్టు రీఫిల్ అయిపోయిన పెన్నుతో గీత నొక్కాను, ప్రతి కంకికీ గింజ గింజకూ గాటు పెట్టాను. ఆమె ఒక కంకిని వేలితో తట్టింది. అది నిటారుగా నిలబడి ఊగింది.

"ఇది తాలప్పా."

"తాలా?"

"గింజ పట్టిన కంకి వంగుతాది. ఇది యట్ల నిలబడిందో చూడు, పోలీసు మాదిరి. అంతా తాలే. ఈ మడి కోసేది దండగ."

"ఇది కళమ్మా," అన్నాను.

"కళ ఉంటే ఉండనీ. గింజ లేదు కదా."

మాగాణి ఉన్న ఇంట్లో పుట్టి, వరి అన్నం తిని పెరిగి, పండిన కంకి వంగుతుందన్న సంగతి నేను కాగితం మీద మరిచిపోయాను. నిజానికి మరిచిపోలేదు. నిటారుగా ఉంటే నా గాట్లు బాగా కనబడతాయి, అందుకే నిలబెట్టాను. అది ఆమెకు చెప్పలేదు.

ఆమె ఒక షీటు ఇమ్మంది. కొడవలి పిడిని కాలికింద తొక్కిపెట్టి, అంచు పైకి పెట్టి, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని తనవైపు లాగింది. పొడుగాటి ఆకు ఊడివచ్చింది. అంచు మీద వేలు పెట్టి చూశాను. సన్నటి గరుకు. వరి ఆకు చేతిని కోస్తుంది చూడండి, ఆ గరుకు. నా కత్తెర ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది ఇవ్వలేదు. తర్వాత నేను కోసి పెట్టిన కంకిని ఒకటి తీసుకుని, కొడవలి వెన్ను మీద పెట్టి ఒక్క లాగు లాగింది. కంకి తల దించింది.

నాకు సంతోషం కలగలేదు. కుళ్ళు పుట్టింది. ఆమె చేతిలోంచి కాగితం లాక్కుందామనిపించింది. లాక్కుని చేసేదేమిటి, వేలు వంగే ఉంది కదా. రేపటి నుంచి రాగలరా అని అడిగాను.

రోజూ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాళ్ళు. రెండువారాలు నేను అచ్చు వేశాను, జిగురు కలిపాను, తీగలు ఎడమచేత్తో వంచాను. మిగతా సమయమంతా అట్ల కాదు, ఇట్ల కాదు అంటూ వాళ్ళ వెనక తిరిగాను. మూడోరోజు పెద్దామె తల ఎత్తకుండానే అడిగింది: "నీకు చెయ్యి నొప్పి గాని, నోరు నొప్పి రాదాప్పా?" ఆ తర్వాత నేను మాట్లాడటం తగ్గించాను. నలుగురూ ఒక వరసలో కూర్చుని లాగుతుంటే గదంతా సరసరమని చప్పుడు. చప్పుడు ఆగితే ఎవరో ఒకరు కన్నడంలో ఒక వెటకారం, తెలుగులో దానికి జవాబు, మళ్ళీ సరసర. నేను నిలబెట్టిన పాత కంకులను పీకేయమని పెద్దామె అంది. నేను ఒప్పుకోలేదు. తలుపు వైపు వరసల్లో వాటిని అట్లాగే ఉంచాను.

ప్రారంభోత్సవానికి నలుగురినీ పిలిచాను. మంచి చీరలు కట్టుకుని చిన్నాయన జీపులోనే వచ్చారు. చిన్నాయన కూడా వచ్చి, మడి చుట్టూ ఒకసారి తిరిగి, "నీళ్ళు మాత్రం బాగా తీసినావు," అన్నాడు. ఆయన పరిహాసమాడాడో ఓదార్చాడో నాకు తెలియలేదు. వచ్చిన పెద్దమనుషుల్లో బెంగళూరు నుంచి ఒక చిత్రకళ మాస్టారు ఉన్నాడు. నా పని చాలా ఏళ్ళుగా చూస్తున్న మనిషి. ఆయన బాగుందంటే నాకు వారం రోజులు నిద్ర బాగా పడుతుంది. ఆయన మడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తల వంచిన కంకుల మీద చెయ్యి తగలకుండా ఆడించి, కన్నడంలో అన్నాడు, ఇరవై ఏళ్ళ చెయ్యి అంటే ఇది, మీరు ఇంత బాగా ఎప్పుడూ కోయలేదు అని. తర్వాత తలుపు వైపు తిరిగి, నిటారుగా నిలబడ్డ నా కంకులను చూపించి, ఇవి మీ అసిస్టెంట్లు చేసినవా అని అడిగాడు.

పెద్దామె నా పక్కనే ఉంది, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. కన్నడం ఆమెకు నాకంటే బాగా వచ్చు.

"హౌదు," అన్నాను.

అవునన్న ఆ ఒక్క మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. కాదంటే నా వేలి సంగతి చెప్పాలి. వేలి సంగతి చెబితే, పాపం వీడి పని అయిపోయిందని ఆయన కళ్ళల్లో కనబడుతుంది. అది చూడలేకపోయాను. మాస్టారు నా భుజం తట్టి టిఫిన్ల వైపు వెళ్ళిపోయాడు.

నేను ఆమె వైపు తిరగలేదు. నేల చూస్తూ, "అమ్మా, నేనేమంటే..." అని మొదలుపెట్టాను.  ఆమె వంగి, పక్కకు ఒరిగిన ఒక ఆకును సరిచేస్తోంది. సరిచేసి లేచి, నా కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, వంగిపోయిన బొటనవేలిని మెల్లగా లేపింది. ఎగతాళి లేదు గొంతులో. నిజంగానే అంది.

"పోనీలేప్పా. చెయ్యి బాగయినాంక నువ్వూ నేర్చుకుందువులే."