గలగల

కెంటకీ కొండల్లో డెల్బర్ట్‌ది ఒంటిగది తుపాకుల దుకాణం. పెళ్లికి ముందు నుంచీ అదే బల్ల, ఎదురుగా అదే గోడ. రైఫిల్ పైభాగం కింది భాగంలో కుదురుగా కూర్చోక గలగలమంటోందని ఎవరైనా తెస్తే, గుళ్లు తీసేసి, చెవి దగ్గర పెట్టి ఊపుతాడు. ఆ సందులో రబ్బరు ముక్క దూర్చి పిన్నులు బిగిస్తాడు. ఆ రోజు ఒకడు రైఫిల్ ఇచ్చి బయట కూర్చున్నాడు. ఎన్ని ముక్కలు మార్చినా చప్పుడు ఆగలేదు.

“ఇదెక్కడి దరిద్రపు రైఫిలే!”

భార్య నెల్డా అందుకుని ఊపింది. చప్పుడు లేదు.

“తుపాకీది కాదు డెల్బర్ట్. నీ చెయ్యి వణికి, ఉంగరం దానికి తగులుతోంది.”

“బయటున్నవాడికి చెప్పకు. ఈ పని మానేసి ఎక్కడికి పోను?”

పెళ్లి ఉంగరం లాగాడు. కణుపు దాటలేదు.

“చెయ్యివ్వు, సబ్బు రాస్తా” అంది నెల్డా, తలుపు మూసి వచ్చి.