చైనా డాక్టరుగారి మూడో నెల, ఎనిమిదో రోజు

నాన్నగారు పురోహితులు. ఆయన పుట్టిన ప్రభవ నామ సంవత్సరం అరవై ఏళ్ళకు మళ్ళీ వస్తుండగా ముందు పళ్ళు ఊడాయి. మంత్రంలో అక్షరం తప్పితే దోషమని నాకు నేర్పింది ఆయనే. అందుకని ఉగాది ముందు ఫాల్గుణ మాసంలో, పళ్ళ సెట్టు కట్టించడానికి ఒంగోలులోని చైనా డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. అప్పటికి రామాలయంలో ఆయన బదులు నేనే పారాయణం చేస్తున్నాను.

డాక్టరుగారు కలకత్తాలో పుట్టి, చిన్నప్పుడే తల్లితో ఇక్కడికి వచ్చారు. తెలుగు మనలాగే మాట్లాడతారు.

“మీది ప్రభవ అయితే నాది అగ్ని కుందేలు, పంతులుగారూ.”

“సంవత్సరానికి కుందేలేమిటయ్యా?”

“మాకు పన్నెండు జంతువులండీ. వాటికి తోడు నిప్పు, మన్ను, నీరు లాంటివి అయిదు, ఒక్కోటి వరసగా రెండేళ్ళు. అన్నీ తిరిగి మళ్ళీ అగ్ని కుందేలు రావాలంటే అరవై ఏళ్ళు.”

“మాకూ అరవయ్యే! అయితే నువ్వూ షష్టిపూర్తి పెళ్ళికొడుకువే.”

డాక్టరుగారి మనసు వేరే చోట ఉంది. కలకత్తా బంధువులు ఏటా పంపే కేలండరు ఈసారి రాలేదు. గోడకు పాతదే వేలాడుతోంది.

“మా అమ్మ పోయింది మా మూడో నెల ఎనిమిదో రోజండీ. ఏటా ఆ రోజు అమ్మ ఇంటికి వస్తుంది. అన్నం పళ్ళెం పెట్టకపోతే గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోతుంది. ఒక్క రోజు తేడా వచ్చినా అంతే. మీ లెక్కలో ఎప్పుడో చెప్పండి.”

పితృదేవతల మాట కాబట్టి నాన్నగారు వింత పడలేదు. పంచాంగం కూడా తెరవలేదు.

“మీ సంవత్సరాది మా మాఘం మొదట్లో కదూ? మూడో నెల చైత్రం. ఎనిమిదో రోజంటే శుద్ధ అష్టమి. శ్రీరామనవమి ముందు రోజు.”

డాక్టరుగారు తేలికపడి, పళ్ళ కొలతకు నాన్నగారి నోట్లో మైనం పెట్టి అదిమారు. నేను ఊరికే కూర్చోలేక సంచిలోని పంచాంగం తీసి గోడ కేలండరుతో ఇంగ్లీషు తేదీల వారీగా పోల్చాను. చాలా నెలల్లో వాళ్ళ ఒకటో రోజు మన అమావాస్య నాడే పడింది. కొన్ని నెలల్లో మాత్రం పాడ్యమి నాడు. అవి అమావాస్య తెల్లవారకముందే వెళ్ళిపోయిన నెలలు. మనం సూర్యోదయానికి ఉన్న తిథిని రోజుకు పెడతాం. వాళ్ళు అమావాస్య ముగిసే రోజునే ఒకటి అంటారు. రాబోయే ఉగాది ముందు అమావాస్య సాయంత్రం దాకా ఉంది. అంటే వాళ్ళకు ఆ రోజే ఒకటి, మన పాడ్యమి రెండు.

“నాన్నగారూ, అష్టమి కాదు. సప్తమి.”

ఆయన “ఊఁ! ఊఁ!” అంటూ చేతులు విసిరారు.

“కదలకండి, మైనం పాడవుద్ది!” అని డాక్టరుగారు ఆయన తల పట్టుకున్నారు.

మైనం తీయగానే నాన్నగారు విరుచుకుపడ్డారు. “చంద్రుడు పూర్తిగా పోకుండానే నెల పుట్టిస్తారటయ్యా?”

డాక్టరుగారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. “అయితే ఏ రోజు పెట్టమంటారు?”

నాన్నగారు పంచాంగం లాక్కుని, గోడ దగ్గర నిలబడి, ఒక్కొక్క నెలా తిప్పారు. చివరికి అడిగారు.

“మీ అమ్మకు పంచాంగం తెలుసా?”

“తెలీదండీ. ఈ కేలండరే.”

“అయితే ఆవిడ దీన్ని చూసుకునే వస్తుంది. సప్తమి నాడు పెట్టు.”

సప్తమి నాడు నాన్నగారు నాచేత అరటిపళ్ళు పంపారు. లోపలి గదిలో పళ్ళెం ముందు డాక్టరుగారు కూర్చుని ఉన్నారు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. అరటిపళ్ళు గుమ్మానికి ఓ పక్కగా, దారికి అడ్డం రాకుండా పెట్టి వచ్చాను.