పెదాల మీది ఇంగ్లీషు

మా ఇంగ్లీషు టీచరుగారు పోయారు. కబురు పైడమ్మే వాట్సాప్‌లో పెట్టింది: "మేడం పోయేరే. నువ్వు రా." పైడమ్మ ఫోను చెయ్యదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి దానికి చెవులు దెబ్బతిన్నాయి. బస్సెక్కి నెల్లిమర్ల వెళ్లాను.

తొమ్మిదో తరగతిలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. క్లాసులో ముందు కూర్చునేవాళ్లు కాన్వెంటు మాని వచ్చిన షావుకార్ల పిల్లలు, ఇంగ్లీషు గడగడా చదివేసేవారు. వెనకాల మిల్లు కూలీల పిల్లలం, మాకు ఏబీసీడీలే అంతంతమాత్రం. అందరికీ అదే పుస్తకం. ఏ టీచరైనా తల పట్టుకోవాల్సిందే.

మేడం బోర్డువైపు తిరిగి ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. రాయడం అయ్యాక ఇటు తిరిగి, కిటికీ వెలుతురు మొహాన పడేలా నిలబడి, అప్పుడు చెప్పేవారు. "మొకం సూపించకుండా సెప్తే అది సగం మాటేనర్రా" అనేవారు. ఎవరికి అందకపోయినా చెయ్యెత్తి "ఫేస్ ప్లీజ్" అనాలి. నాకు నోరు తిరిగిన మొదటి ఇంగ్లీషు అదే. గోల చేస్తే మాత్రం సుద్దముక్క గురి చూసి విసిరేవారు, గురి తప్పేది కాదు.

"ఇయన్నీ మాకొచ్చు మేడం" అని ఓ షావుకారి అబ్బాయి విసుక్కునేవాడు.

"నీకొచ్చింది పక్కోడికి వొచ్చేలా సెప్పు సూద్దాం. అప్పుడు నీకొచ్చినట్టు."

ఒకరోజు పైడమ్మ నాన్న బడికొచ్చాడు. జూట్ మిల్లులో మగ్గం మీద పని ఆయనది.

"దీనికి సెవులే పన్జెయ్యవు, ఇంగిలీసు ఏటొస్తాదమ్మా? ఎలాగూ పదిలో తప్పుతాది. మాన్పించీసి ఇంటికాడ ఉంచుకుంటాను."

పైడమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తండ్రి పెదాలు చూసి దానికంతా తెలిసిపోయింది.

మేడం నాన్న కూడా ఆ మిల్లులోనే చేసి రిటైరయ్యాడు. మగ్గాల హోరులో మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లు ఒకరి పెదాలు ఒకరు చూసే కబుర్లు చెప్పుకుంటారు. మేడం గొంతు పైకి రానివ్వకుండా, ఉత్త పెదాలతో పైడమ్మ నాన్నని ఏదో అడిగారు.

"బీ సిఫ్టమ్మా. రెండింటికెక్కాల" అన్నాడాయన ఠక్కున.

"నేను సప్పుడు సెయ్యలేదు అన్నయ్యా. ఏ సిఫ్టని అడిగినట్టు మీకెలా తెలిసింది? మీరు మగ్గం కాడ నేర్సుకున్నదే మీ అమ్మాయి ఇక్కడ నేర్సుకుంటన్నాది. ఉంచండి."

ఆయన తల గోక్కుని, కూతురివైపు చూసి వెళ్లిపోయాడు. మాన్పించలేదు.

ఆ తర్వాత డిక్టేషన్ రెండుసార్లు ఉండేది. ఒకసారి గొంతుతో, ఒకసారి ఉత్త పెదాలతో. రెండోసారి మాత్రం ముందు బెంచీలు తెల్లమొహాలు వేసేవి. షావుకార్ల పిల్లలు పైడమ్మ కాగితంకేసి మెడలు చాచడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పైడమ్మ పది పాసై, డిగ్రీ చదివి, ఇప్పుడు విజయనగరంలో కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేస్తోంది. నేను ఈ రోజు నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడుతున్నానంటే అదీ మేడం చలవే.

బడిలో సంతాప సభ పెట్టారు. మా పాత క్లాసువాళ్లు చాలామంది వచ్చారు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుగారు మైకు నోటికి ఆనించుకుని, కాగితంలోకి తల దించి చదువుతున్నారు. నా పక్కన పైడమ్మ మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. మేడం గురించి ఏం చెబుతున్నారో దానికేమీ అందడం లేదు. నాకు ఏడుపొచ్చింది. చెయ్యెత్తాను. వెనక్కి తిరిగితే మా క్లాసు చేతులు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

"ఫేస్ ప్లీజ్, సార్."

ఆయన తెల్లబోయి మైకు దించారు. కిటికీ పక్కకి జరగమని ఆనాటి షావుకారి అబ్బాయి చేత్తో చూపించాడు. వెలుతురు మొహాన పడ్డాక ఆయన మళ్లీ మొదట్నుంచి, మేడం పేరుతో మొదలుపెట్టారు. పైడమ్మ పెదాలూ ఆ పేరుతో పాటు కదిలాయి.