తలుపు దాకా వెళ్లిన బేరం

తెనాలిలో మా బట్టల కొట్టుకు వచ్చే ఆడవాళ్లు, చీర ఎంత నచ్చినా ధర దగ్గర మొహం చిట్లించి, చెప్పులేసుకుని మెట్లు దిగేవాళ్లు. మా నాన్న వాళ్లు వీధిలోకి తిరిగేదాకా ఆగి, "ఒక్కమాటమ్మా" అని వెనక్కి పిలిచేవాడు. పిలుస్తాడని వాళ్లకు తెలుసు. వస్తారని ఆయనకు తెలుసు. ఆ మెట్ల మీద పెరిగినవాణ్ని. మాట నచ్చకపోతే లేచి తలుపు దాకా వెళ్లాలని, అదే మర్యాదని, డబ్లిన్ వచ్చాక కూడా నమ్మాను.

ఐర్లండ్‌లో అప్పుడు ఎటు చూసినా క్రేన్లే. ఇళ్లు కట్టేవాళ్లకి ఇసుక, సిమెంటు, కలప అమ్మే వ్యాపారికి మా కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. ఆయనకి ట్రాలీ, కాజిల్‌బార్, లెటర్‌కెన్నీ, ఇలా ఊరూరా కొట్లున్నాయి. లాంగ్ వీకెండ్ అయిన మర్నాడు అన్ని కొట్లలోనూ పాతది తీసేసి ఒకేసారి కొత్తది పెడదామన్నాడు మా మేనేజరు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. మీటింగులో అందరూ సరేనన్నారు. నేనూ అన్నాను. కానీ ఒక సందేహం మాత్రం వదల్లేదు. కౌంటరు మీద కూర్చున్నవాళ్లకి ఎవరికీ చెప్పని అలవాట్లు కొన్ని ఉంటాయి. అవి మా ప్రోగ్రాములో ఎక్కడున్నాయి?

మధ్యాహ్నం మేనేజరు గదికి వెళ్లాను. అసలు కారణం ఒక్కటీ చెప్పలేదు. ఇదే పద్ధతైతే నన్ను ఈ పనిలోంచి తప్పించమని మాత్రం అని, లేచి, వీలైనంత మెల్లగా తలుపు వైపు నడిచాను. చెవులు రెండూ వెనకే ఉన్నాయి.

"గ్రాండ్," అన్నాడాయన, ఇక్కడివాళ్లు సరే అనే తీరులో. "ఇంకొకర్ని చూసుకుంటాను. ముందే చెప్పినందుకు థాంక్స్."

తలుపు బయట నిలబడ్డాక గాని నా వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉందని గుర్తు రాలేదు. ఈ పని లేకపోతే ఉద్యోగం ఉంటుందో లేదో, ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది. భార్యా కూతురూ వచ్చి ఇంకా అట్టే కాలం కాలేదు, ఇంటి లీజు మీద నా సంతకం తడి ఆరలేదు. ఆ సాయంత్రం లూవాస్ ట్రాములో మా స్టాపు దాటిపోయి, చివరిదాకా వెళ్లి, అదే బండిలో వెనక్కి వచ్చాను.

మా ఆవిడ గిన్నెలు, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అలమరలో సర్దుతూ అంతా విన్నది.

"ఆ పద్ధతి ఎందుకొద్దో ఆయనకి చెప్పారా?"

"అడగలేదుగా."

"వెనక్కి పిలవడానికి ఆయనేమన్నా మావయ్యగారా?"

"డాడీ, ఆర్ యూ ఇన్ ట్రబుల్?" అంది కూతురు సోఫాలోంచి, స్కూల్లో నేర్చిన యాసతో.

మర్నాడు మేనేజరు కోటు విప్పకముందే ఆయన బల్ల ముందున్నాను. పని వదలాలని లేదని ముందే చెప్పేశాను. ఆ తర్వాత మా నాన్న సంగతి చెప్పాను: కొత్త రంగు బట్ట వస్తే తానంతా బల్ల మీద పరిచేవాడు కాదు. ఒక ముక్క కత్తిరించి, ఉతికి, పిట్టగోడ మీద ఆరేసి, రంగు నిలిచిందని చూశాకే అమ్మకానికి పెట్టేవాడు. మనమూ ముందు ఒక్క కొట్లో పెడదాం, అక్కడేం చెడినా నేనే ఉండి చూసుకుంటానన్నాను. ఒక్కటన్నానే గాని, ఆయన బేరమాడితే మూడు కొట్ల దాకా ఒప్పుకోవడానికి సిద్ధపడే వెళ్లాను.

"నిన్ననే ఇది చెప్పొచ్చుగా? నీకు వేరే పని కావాలేమో అనుకున్నాను," అన్నాడు. కొట్ల జాబితా తీసి ఒకదాని మీద వేలు పెట్టాడు. "లెటర్‌కెన్నీ. నువ్వే వెళ్లాలి."

అంతే. మొదటి మాటకే ఒప్పుకుంటే బేరగాడికి సంతోషం ఉండదు. ఏదో తక్కువ అడిగానని బస్సులో దారంతా మథనపడ్డాను. దానికంటే పెద్ద దిగులు ఇంకోటి. అక్కడ అంతా సవ్యంగా నడిస్తే? పని ఆలస్యం చేసిన పిరికివాణ్నవుతాను. తప్పు దొరకాలనీ దొరకకూడదనీ ఒకేసారి కోరుకుంటూ కొట్లోకి అడుగుపెట్టాను.

పొద్దున బాగానే నడిచింది. తర్వాత ఫోను మోగింది. ఒకాయన ఇంటి ముందు లారీడు ఇసుక పోశారట. ఆయన కడుతున్నది ఏమీ లేదు. ఆ ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు చాలామంది. కౌంటరులో వాళ్లు పేరు పక్కన తండ్రి పేరో, ఊరంతా పిలిచే ముద్దుపేరో రాసి ఎవరెవరో గుర్తుపట్టేవాళ్లు. మా ప్రోగ్రాములో ఆ రెండో పేరుకి చోటే లేదు. వాళ్లు మమ్మల్ని తిట్టలేదు, నవ్వారు. నాకు మాత్రం అన్ని ఊళ్లలోనూ తప్పు ఇళ్ల ముందు పోసిన ఇసుక కుప్పలే కళ్ల ముందు కనపడ్డాయి.

మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకేమన్నా ఉన్నాయా?" అన్నాడు.

ఉంది. ఆయన మనసుపడి పెట్టించిన ఫారం, కొనేవాళ్ల వివరాలన్నీ నింపితే గాని బిల్లు రాదు. రద్దీ పెరిగాక దానివల్ల కౌంటరు ముందు జనం ఆగిపోతున్నారు. ఫోను చెవికి పెట్టుకుని ఆ కొట్టు తలుపు వైపు చూశాను. బయట వాన పడుతోంది.

"ఒకటుంది. మీరు పెట్టమన్నదే," అన్నాను. ఆయన ఏదో అనేలోగా అదెందుకు నడవడం లేదో చెప్పడం మొదలుపెట్టాను.