చక్రాల ఇంటికి నీళ్ల పరీక్ష

మొన్న మనవరాలు తాను కొన్న పాత కారులో నన్ను ముత్తుకూరు వైపు తీసుకెళ్లింది. దారి పక్కన ఎవరో పడవకు పూయడానికి గుగ్గిలం నూనెలో కాస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నవ్వొచ్చింది. ఎందుకని అడిగింది పిల్ల. డాక్టరు రాజేశ్వరమ్మ గారిని ఎరగని దానికి ఒక్క మాటలో ఏం చెప్పను?

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో సూళ్లూరుపేటలో ఆ డాక్టరమ్మ దగ్గర నర్సుగా చేరాను. వారానికోసారి పులికాట్ ఒడ్డు పల్లెలకు వెళ్లి గర్భిణులను చూసేవాళ్లం. అక్కడ చాటు అనేదే లేదు. పాక వెనక నేను చీర అడ్డం పట్టి నిలబడితే, గాలికి అది నా మొహానికే చుట్టుకునేది. సిగ్గుతో సగం మంది వచ్చేవాళ్లే కాదు. అలా రాకుండా ఉండిపోయి ఒకామె కాన్పులో పోయింది. డాక్టరమ్మ చాలా రోజులు మనిషి కాలేకపోయారు.

అప్పుడే నెల్లూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర, దేశం వదిలి వెళ్లిన దొర వాడిన కారవాన్, అంటే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, ఉందని తెలిసింది. లోపల మంచం, కిటికీలకు తెరలు, తలుపుకు గడియ. చూసి ఆమె చిన్నపిల్లలా మురిసిపోయారు. ఆదివారం దాకా వాడి చూస్తానని చెప్పి, జీపుకు తగిలించి పల్లెకు తెచ్చారు. ఆడవాళ్లు ఎక్కితే కొంటారు, లేకపోతే మళ్లీ నా చీరే గతి.

ఎవరూ ఎక్కలేదు. చక్రాలు తట్టి చూసి దూరంగా కూర్చున్నారు. ఆదివారం పొద్దున కూడా అదే తంతు. నాకు ఒళ్లు మండింది, ఆమె మొహం చూస్తే ఏడుపూ వచ్చింది. చివరికి డాక్టరమ్మే పెద్దామె పోలమ్మ పక్కన ఇసుకలో చతికిలపడి, ఏం లోపమని అడిగారు.

"పాత పడవైతే లోపల నీళ్లు పోసి, యాడ కారతాందో చూసుకోకుండా మేము కాలు పెట్టము తల్లీ. దీన్ని ఎవురు చూసినారు?"

ఇది నేల మీద నడిచేది, నీళ్లతో పనేమిటని నేను నోరు తెరవబోయాను. డాక్టరమ్మ నా చెయ్యి నొక్కారు.

"పోసుకోనీ సరోజా. ఎక్కేది వాళ్లు. మనం చూసుకుంటే చాలదు."

పరుపు బయట వేయించి, చీర దోపుకుని, మొదటి బిందె ఆమే పోశారు. ఇక పల్లె పల్లెంతా బిందెలతో దిగింది. వెనక మూల నుంచి ధార కట్టింది. లోపం తామే కనిపెట్టినందుకు ఆడవాళ్ల సంబరం ఇంతా అంతా కాదు. సరిగ్గా అప్పుడే, కొనేదీ లేనిదీ తేల్చుకుందామని కాంట్రాక్టరు వచ్చి కొయ్యబారిపోయాడు.

"ఇది పడవ కాదు గదమ్మా," అన్నాడు నీరసంగా.

"తెలుసు నాయనా. కొంటున్నాను," అన్నారామె కొంగు పిండుకుంటూ.

మగవాళ్లు సందులో పత్తి కూరి గుగ్గిలం పూశారు. అది ఆరాక నిండు గర్భిణి అయిన పోలమ్మ కోడలు మెల్లగా మెట్టెక్కింది. పోలమ్మ లోపలంతా కలియజూసి తనే తలుపు వేసింది. బయట నేను అలవాటుగా చేతులు పైకెత్తి, పట్టడానికి చీర లేదని గుర్తొచ్చి దించుకున్నాను. అంత సంతోషం నాకు మళ్లీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

ఆ తర్వాత ఏ పల్లెకు కొత్త వస్తువు తీసుకెళ్లినా, ముందు అక్కడి వాళ్ల చేతికిచ్చి తిప్పి చూసుకోమనేదాన్ని. డాక్టరమ్మ ఇప్పుడు లేరు. మొన్న కారు దిగుతుంటే, బండి ఎలా ఉంది అమ్మమ్మా అని అడిగింది మనవరాలు.

ఒక బిందె నీళ్లు తెమ్మన్నాను.