మా గుంపుకి దొరికిన ఒకే ఒక్క పాట

ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ నన్ను మంచివాడనుకోకుండా. మా నాన్న పోయిన రోజు మా అమ్మ తీసిన శోకాలను నేను ఫోనులో పట్టి, పాటలో పెట్టి, లోకం మీదికి వదిలాను. ఏడేళ్ళ బతుకులో మా హిప్‌హాప్ గుంపుది జనం విన్న పాట అదొక్కటే. ఆ పాట వల్ల మా మేనత్త, అంటే మా నాన్న అక్క, మా ఇంటికి రావడం మానేసింది. శ్రీకాకుళం నుంచి వచ్చి పడ్డ ఈ హిందీ ఊళ్ళో, బాగ్‌బేరా పేటలో, మా అమ్మకి మనసు విప్పి మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ మళ్ళీ మా ఇంటికి వస్తుందా రాదా అన్న బెంగతోనే ఆ ఏడాదంతా గడిచింది.

గుంపులో మేం ముగ్గురం. నేను రైల్వే క్వార్టర్లో పుట్టినవాణ్ణి, మాటలు రాసేవాణ్ణి. కాసిడీహ్‌లో ఒకడుండేవాడు, వాడు బీట్లు కట్టేవాడు. వాళ్ళ మేడ మీది గది కిటికీలకు పాత పరుపులు కొట్టి దాన్నే స్టూడియో అనేవాళ్ళం. అగ్రికో నుంచి ఒక అమ్మాయి వచ్చేది. హిందీలో ఆ అమ్మాయి ర్యాప్ మొదలెడితే ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలిసేది కాదు. డ్రమ్ములు వాడకూడదు, కీబోర్డు వాడకూడదు, మా ఊరి చప్పుళ్ళే వాడాలి అని మా నియమం. యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, దుకాణం షట్టరు, కుక్కరు విజిలు, ఉక్కు కంపెనీ సైరను, అన్నీ పట్టేవాళ్ళం. అందుకని ముగ్గురి జేబుల్లోనూ ఫోను రికార్డింగులోనే ఉండేది. ఏ చప్పుడు ఎప్పుడు దొరుకుతుందో ఎవరికి తెలుసు?

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా మొదటి పాట నాన్నకి వినిపిస్తే చివరిదాకా ఓపిగ్గా విని, "బాగున్నాది గానీ, పాట ఎప్పుడు మొదలవుతాదిరా?" అన్నాడు. ఒకసారి పూజ పందిరి దగ్గర మాకు పావుగంట ఇచ్చారు. మూడో నిమిషంలో ఎలక్ట్రీషియన్ స్టేజి ఎక్కి ఆంప్లిఫయర్ తీగలు పీకడం మొదలెట్టాడు, పాపం, మిషను పాడైపోయిందనుకుని. జనం వాడికే చప్పట్లు కొట్టారు.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. లోపల మాత్రం కుళ్ళిపోతున్నాం. నేను కంపెనీలో కాంట్రాక్టరు కింద క్రేన్ల దగ్గర హెల్పర్ని. షిఫ్టు దిగి, కళ్ళు మండుతుంటే కాసిడీహ్ వెళ్ళి, నలుగురు కూడా వినని పాట కోసం గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. అగ్రికో అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాకు ముప్పై దగ్గరపడింది. ఇంకొక్క ఏడాది చూద్దాం అని ప్రతి ఏడాదీ అనుకోవడమే. ఆ రోజుల్లో ఒక్క పాట జనం నోట పడుతుందంటే దేవుడు కాదు, దయ్యం వచ్చి అడిగినా ఏదైనా ఇచ్చేసేలా ఉండేవాణ్ణి.

అలాంటప్పుడు నాన్న పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ కూలబడిపోయాడు, అంతే.

మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాళ్ళతో మాట్లాడుతూ రాగం తీసి ఏడుస్తారు. బతికుండగా అనలేనివన్నీ అప్పుడంటారు. మొగుణ్ణి, అత్తని, ఆడపడుచుని, ఎవరినైనా సరే, నిలబెట్టి అడిగేస్తారు. అన్నవాళ్ళని ఎవరూ తప్పు పట్టరు. శోకంలో అన్న మాటకి జవాబు చెప్పకూడదు, దాన్ని మళ్ళీ ఎత్తకూడదు. శవం లేచాక ఆ మాట అక్కడితో సరి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, చూసి నేర్చుకోవాల్సిందే. నేను చూస్తూనే పెరిగాను, కాబట్టి తెలియక చేశానని అనలేను.

ఆ రోజు అమ్మ నాన్న గుండె మీద పడి ఏడ్చింది. నాకన్నా ముందు మా ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టి రెండేళ్ళకే పోయిందని నాకు తెలుసు, ఎలా పోయిందో తెలియదు. అప్పుడు తెలిసింది. పిల్లకి ఒళ్ళంతా పొక్కులు లేచి జ్వరం కాస్తే, అమ్మవారు పోసింది, ఆస్పత్రికి తీసుకెళ్తే తల్లికి కోపం వస్తుందని మా అత్త గుమ్మంలో అడ్డం నిలబడిందట. భయంతోనే నిలబడింది, ఆవిడకి తెలిసిన భక్తి అదే. నాన్న తల దించుకున్నాడట.

"నా బిడ్డ ఒల్లు పేలిపోతాంటే తల దించేసినావు మావో" అని అమ్మ నాన్నని అడిగింది. తర్వాత పక్కనే ఉన్న అత్త వైపు తిరిగి, "గడపకడ్డు నిలుసున్నావే ఒదినా" అని గొంతు చీలిపోయేలా రాగం తీసింది. అత్త ఒక్క మాట అనలేదు. అమ్మని గట్టిగా వాటేసుకుని తనూ ఏడ్చింది. మర్నాడు ఇద్దరూ ఒకే కంచంలో చెయ్యి పెట్టారు. తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వస్తే, తన ఇంటి పక్క సందులోనే మాకు ఇల్లు వెతికిపెట్టింది కూడా అత్తే. రోజూ సాయంత్రం వచ్చి అమ్మ పక్కన కూర్చునేది.

నాన్న పోయిన ఆ రోజంతా నా జేబులో ఫోను రికార్డింగు నడుస్తూనే ఉంది. నెల దాటాక కాసిడీహ్ వాడికి వినిపించాను. వాడికి తెలుగు ఒక్క ముక్క రాదు. కళ్ళు మూసుకుని విని, సరిగ్గా ఆ ఒక్క ముక్కే కత్తిరించాడు. వ్యాగన్ల చప్పుడు మీద దాన్ని ఎనిమిదిసార్లు తిప్పాడు. "గడపకడ్డు నిలుసున్నావే ఒదినా." వాడు శబ్దం చూసుకున్నాడు. అర్థం తెలిసినవాణ్ణి గదిలో నేనొక్కణ్ణే. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది, ఏడుపొచ్చింది, సిగ్గేసింది, అన్నీ అయ్యాక "బహుత్ బఢియా", చాలా బాగుంది, అన్నాను. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లలం కదా మేం. ఈ ఊళ్ళో తెలుగు ఏడుపు ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను. మా అమ్మ భాష వినేవాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారన్న సంగతే నాకు తట్టలేదు.

పాట పాకిపోయింది. ఎవరెవరో దానికి గంతులేసి వీడియోలు పెట్టారు. రాంచీ నుంచి పిలుపొచ్చింది. ఏడేళ్ళుగా మా మొహం చూడనివాళ్ళు భుజం తట్టారు. నిజం చెప్పాలంటే నాకు పట్టరాని ఆనందం.

శ్రీకాకుళంలో ఉన్న చుట్టాలకి అందడానికి రెండు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం అత్త వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఏదిరా, ఆ పాటేటో ఎయ్యి. ఊర్లో అందరూ ఇన్నారంట, నానూ ఇంతాను."

"ఎందుకులే అత్తా."

"ఎయ్యమన్నానా."

వేశాను. ఆవిడ వేళ్ళు మడుస్తూ విన్నది. అయ్యాక ఆ వేళ్ళు చూసుకుంది.

"ఎనిమిది," అంది. "శోకంలో అన్నమాటకి మారు సెప్పకూడదురా. మీ యమ్మ ఒక్కపాలి అన్నాది. నాను దాన్ని పట్టుకోని ఏడిసినాను. మా ఇద్దరికీ అక్కడితో సరిపోయినాది. నువ్వు ఎనిమిదిపాలులు అనిపించినావు. ఇప్పుడు నానేటి సెయ్యాల? ఊరందరికీ మారు సెప్పుకోవాలా?"

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. "ఒదినా, టీ తాగి ఎల్లు," అంది. "ఒద్దులే అమ్మీ," అని అత్త లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం అమ్మ "తీసెయ్యిరా" అంది. రాంచీ ప్రోగ్రాం అయ్యాక తీసేస్తానన్నాను. అమ్మ తిట్టి ఉంటే నాకు కాస్త బుద్ధి వచ్చేదేమో, ఏమో.

రాంచీ వెళ్ళే రైల్లో అగ్రికో అమ్మాయి, ఆ లైనుకి అర్థం ఏమిటని మొదటిసారి అడిగింది. చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. స్టేజి మీద తన పని తను చేసింది. మైదానం నిండా జనం, ఒక్కరికీ తెలుగు రాదు, చేతులెత్తి ఊగుతూ మా అమ్మ ఏడుపును గొంతెత్తి పాడారు. తిరిగొచ్చాక ప్లాట్‌ఫాం మీద ఆ అమ్మాయి హిందీలో అంది, "అది నీ పాట కాదు, మీ అమ్మది. తీసేసిన రోజు ఫోన్ చెయ్యి." నేను చెయ్యలేదు. కోల్‌కతా వాళ్ళు ఇంకో ప్రోగ్రాం మాట్లాడుతున్నారు, అదొక్కటి అవ్వనీ అనుకున్నాను. ఏడేళ్ళు ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసి లెమ్మంటే లేస్తాడా? నేను లేవలేదు.

అమ్మ మాత్రం రోజు విడిచి రోజు గిన్నెలో కూర పట్టుకుని పక్క సందుకి వెళ్ళేది. అత్త కోడలు గుమ్మంలోనే గిన్నె అందుకుని, "నిద్దరోతన్నాది పిన్నీ," అనేది. మాలో ఇచ్చిన గిన్నెని ఉత్తిగా తిరిగివ్వరు, కనీసం చిటికెడు పంచదారైనా వేసిస్తారు. అమ్మకి కడిగిన గిన్నె ఉత్తిగానే తిరిగొచ్చేది. అది చూసి నాకు అత్త మీద కోపం వచ్చేది, సిగ్గులేనివాణ్ణి.

కాసిడీహ్ వాడు ఒకరోజు, "మీ నాన్న పదో రోజు ఏడుపులది రికార్డింగు ఏమైనా ఉందా? రెండో పాటకి పనికొస్తుంది," అన్నాడు. వాడి చొక్కా పట్టుకుని గోడకి నొక్కాను. వాడేం చేశాడు, పాపం? నేను ఇచ్చినదే ఇంకొంచెం అడిగాడు. అగ్రికో అమ్మాయి రావడం లేదని కోల్‌కతా వాళ్ళు కూడా తప్పుకున్నారు. గుంపు అయిపోయిందని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. వెళ్ళడం మానేశాం, అంతే.

అప్పటికీ పాట అక్కడే ఉంది. గుంపు పోయినా నా పేరున అదొక్కటైనా మిగలాలని నా పేరాశ.

అత్త స్నానాల గదిలో జారిపడింది. అమ్మ ఆస్పత్రికి పరుగెత్తేసరికి ఆవిడకి స్పృహ లేదు. మూడో రోజు పొద్దున పోయింది.

అత్త ఇంటి ముందు మగవాళ్ళ మధ్య నిలబడి, ఫోను తెరిచి పాట తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. లోపల కోడళ్ళు, కూతుళ్ళు అందరూ ఏడుస్తున్నారు. మా అమ్మ ఒక్కతే అత్త కాళ్ళ దగ్గర నోరు బిగించుకుని కూర్చుంది. నలభై ఏళ్ళు కలిసి బతికిన ఆడపడుచు పోతే మరదలు నోరు విప్పకపోవడం మాలో చిన్న తప్పు కాదు. "ఏటీ యమ్మ, కన్నీరైనా రాదేటి," అని ఎవరో అననే అన్నారు. ఎందుకు విప్పడం లేదో నాకు తెలుసు. ఆవిడ కళ్ళు ఆ గదిలో ఉన్న ప్రతి చేతినీ వెతుకుతున్నాయి, ఫోను కోసం.

కాసేపటికి లేచి బయటికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని సందు మలుపుకి తీసుకెళ్ళింది.

"తీసేసినావా?"

"తీసేసేనమ్మా. ఇందాకే."

"మరింకెవులికీ ఇనపడదు గదా?"

ఎంతమంది దాన్ని దించుకుని ఎక్కడెక్కడ పెట్టుకున్నారో నాకే లెక్క తెలియదు. అది నా చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. చూరు పట్టుకు నిలబడ్డ అమ్మ మొహం చూస్తే ఆ మాట నోటికి రాలేదు.

"ఇనపడదమ్మా."

"నా నెత్తి మీద సెయ్యెట్టి సెప్పు."

పెట్టాను. తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఏమవుతుందంటారో నాకు తెలుసు. అయినా పెట్టి చెప్పాను. అమ్మ కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. "ఓ ఒదినా" అన్న మొదటి కేక వినగానే నేను రోడ్డు దాటి, ఏమీ వినపడనంత దూరం నడిచాను. ఆ రోజు అమ్మ ఆవిడని ఏం అడిగిందో, ఏమని క్షమాపణ చెప్పుకుందో నాకు తెలియదు.

మొన్న మా వీధిలోంచి ఒక పెళ్ళి బరాత్ వెళ్ళింది. ముందు గంతులేసే కుర్రకారు, వెనక డీజే బండి. అమ్మ గుమ్మం దగ్గర కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది. బండి సరిగ్గా మా ఇంటి ముందుకొచ్చేసరికి కిటికీలు అదిరేలా మా అమ్మ గొంతే మోగింది. నేను లేచి నిలబడిపోయాను. అమ్మ తరగడం ఆపింది. ఒక్కసారి కాదు, ఎనిమిదిసార్లూ విన్నది. వింటూ వింటూ ఒక చెయ్యి నెత్తి మీద పెట్టుకుంది, అక్కడ ఏదో తగిలినట్టు. బండి మలుపు తిరిగాక నా వైపు చూడకుండానే, "తలుపేసెయ్యిరా," అంది.